నెట్‌వర్క్ స్విచ్ గాలి ఎటు నుంచి పీల్చాలి? పోర్టుల వైపా, ఫ్యాన్ల వైపా: ఏది మేలు?

"అన్నా, కొత్త సర్వర్ ర్యాక్‌లకి నెట్‌వర్క్ స్విచ్‌లు ఆర్డర్ పెడుతున్నాం, కోట్‌లో ఎయిర్‌ఫ్లో అని ఒకటి అడుగుతున్నారు, ఏది పెట్టమంటావ్?" ఈమధ్య ఈ ఫోన్ రాని వారం లేదు. పోర్టులెన్ని, స్పీడెంత, లైసెన్సు ఎన్నేళ్లు అని నెలల తరబడి మీటింగులు పెట్టుకుంటారు. గాలి సంగతి మాత్రం వెండర్ ఏది రాస్తే అదే. ఎండాకాలంలో ఆ స్విచ్ ప్రశాంతంగా పనిచేస్తుందా, అర్ధరాత్రి మనల్ని లేపుతుందా అన్నది చాలావరకు తేలేది అక్కడే. పోయిన నెల మేం కూడా ఎనిమిది ర్యాక్‌లకి కొన్నాం కాబట్టి, ఏది ఎందుకు తీసుకున్నామో వివరంగా చెప్తాను.

ఉన్నవి ప్రధానంగా రెండు దారులు. పోర్టుల వైపు నుంచి చల్లగాలి పీల్చి ఫ్యాన్ల వైపు వదిలేది పోర్ట్ సైడ్ ఇన్‌టేక్. ఫ్యాన్లు, పవర్ సప్లైల వైపు నుంచి పీల్చి పోర్టుల మీదుగా వదిలేది పోర్ట్ సైడ్ ఎగ్జాస్ట్. సిస్కో నెక్సస్‌లో అయితే రంగు చూస్తే చాలు: ఫ్యాన్ మాడ్యూల్ మీద నీలం ఉంటే ఎగ్జాస్ట్, ముదురు ఎరుపు ఉంటే ఇన్‌టేక్. నీలం రంగు ఫ్యాన్లు చల్లగాలి వచ్చే వైపు ఉండాలి, ఎరుపు రంగువి వేడిగాలి పోయే వైపు ఉండాలి. కుళాయిల మీద వేసే రంగుల్లాగే గుర్తుపెట్టుకుంటే ఇక మర్చిపోరు.

సర్వర్లకి నెట్‌వర్క్ పోర్టులు వెనకాల, అంటే హాట్ ఐల్ (వేడిగాలి వదిలే నడవ) వైపు ఉంటాయి. కాబట్టి ర్యాక్ పైన పెట్టే స్విచ్‌ని కూడా పోర్టులు వెనక్కి వచ్చేలా బిగిస్తే కేబుల్ పని సులువు. అలా బిగించి ఇన్‌టేక్ రకం కొన్నారంటే, స్విచ్ పీల్చేది సర్వర్లు వదిలిన వేడిగాలినే. మూడేళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా ఇదే జరిగింది. గది 22 డిగ్రీలు, స్విచ్ ఇన్‌లెట్ సెన్సర్ 46. డేటాషీట్‌లో గరిష్ఠం 40 అని రాసి ఉంది. ఫ్యాన్లు పూర్తి వేగంతో అరుస్తుంటే అందరూ ఏసీ సరిపోవట్లేదనుకుని దాన్ని 18కి దించారు. స్విచ్ దగ్గర మూడు డిగ్రీలు తగ్గింది, కరెంటు బిల్లు పెరిగింది, అలారం మాత్రం ఆగలేదు. చివరికి ఒక టిష్యూ పేపర్‌ని సన్నగా చింపి పోర్టుల ముందు పట్టుకుంటే, అది రెపరెపలాడుతూ లోపలికి అంటుకుపోయింది. సమస్య గదిలో లేదని అప్పుడు అర్థమైంది. మీరు కూడా ఇలాగే చూడండి, అగరుబత్తి పొగతో మాత్రం వద్దు, స్మోక్ డిటెక్టర్లు మోగుతాయి.

ఇంతవరకు చాలామందికి తెలుసు. నా లెక్కలో అసలు తేల్చేది దీని తర్వాత ఉంది: స్విచ్ గాలి పీల్చే ముక్కు నిజంగా చల్లగాలిలో ఉందా? ఎగ్జాస్ట్ రకం కొని, వెనక బిగించి, దిశ సరిపోయింది కదా అని టిక్ పెట్టేస్తారు. కానీ స్విచ్ లోతు సుమారు 50 సెంటీమీటర్లు, ర్యాక్ లోతు మీటరు నుంచి 1.2 మీటర్లు. వెనక రైలుకి బిగించిన స్విచ్ ముక్కు ర్యాక్ మధ్యలోనే ఆగిపోతుంది. ముందు తలుపు దాకా అర మీటరుకి పైగా ఖాళీ. పక్కల సందుల్లోంచి, కింది సర్వర్ల పైనుంచి వెనక్కి తిరిగొచ్చిన వేడిగాలి ఆ ఖాళీలో చేరుతుంది, స్విచ్ దాన్నే పీలుస్తుంది. ముందు ఆ 1యూ (ర్యాక్‌లో ఒక అర ఎత్తు) దగ్గర ఖాళీ మూసే బ్లాంకింగ్ ప్లేట్ కూడా వేసేశారంటే ఇక చల్లగాలికి దారే లేదు!

అందుకే మేం ఎగ్జాస్ట్ రకం కొని వెనక బిగించి, ప్రతి స్విచ్‌కీ 1యూ ఎయిర్ డక్ట్ పెట్టించాం. ముందు రైలు నుంచి స్విచ్ ఫ్యాన్ల దాకా వెళ్లే రేకు పెట్టె, అంతకంటే ఏమీ లేదు. మొదటి ర్యాక్‌లో డక్ట్ లేకుండా ఒక పూట నడిపి చూశాం. కోల్డ్ ఐల్‌లో (ర్యాక్ ముందున్న చల్లగాలి నడవలో) 24 ఉంటే స్విచ్ ఇన్‌లెట్ 33 చూపించింది. డక్ట్ పెట్టిన గంటకి 25కి వచ్చింది. సర్వర్ గదుల్లో ఇన్‌లెట్ గాలికి ఆష్రే (అమెరికాలోని శీతలీకరణ ఇంజినీర్ల సంఘం) సిఫార్సు చేసేది 18 నుంచి 27 డిగ్రీలు. అంటే ఒక్క రేకు పెట్టెతో, ఏసీ ముట్టుకోకుండా హద్దులోకి వచ్చేశాం. ఫ్యాన్ల వేగం కూడా దిగింది, అది చిన్న విషయం కాదు: వేగం రెట్టింపైతే ఫ్యాన్ తినే కరెంటు సుమారు ఎనిమిది రెట్లవుతుంది.

డక్ట్‌తో తలనొప్పులు లేవని చెప్పను. పవర్ సప్లైలు డక్ట్ లోపలి వైపు పడతాయి, పీడీయూ (ర్యాక్‌లో కరెంటు పంచే ప్లగ్ బోర్డు) ఏమో వెనక ఉంటుంది, స్విచ్‌తో వచ్చిన పవర్ కార్డ్ అందదు. రెండు మీటర్లవి ముందే తెప్పించుకోండి, బిగించే రోజు వెతుక్కోవద్దు. ఫ్యాన్ మార్చాలన్నా ముందు నుంచి డక్ట్ జరిపితేగానీ చెయ్యి పట్టదు. కొనేటప్పుడే జారే రకం ఉందేమో అడగండి.

ఇక రెండో దారి, స్విచ్‌ని ముందుకి తెచ్చి పోర్టులు కోల్డ్ ఐల్ వైపు పెట్టి ఇన్‌టేక్ రకం కొనడం. దీనికి ఒక గట్టి బలం ఉంది. చల్లగాలి ముందు తగిలేది ఆప్టిక్స్‌కే, అంటే పోర్టుల్లో గుచ్చే ఫైబర్ మాడ్యూళ్లకే. ఎగ్జాస్ట్‌లో అయితే పవర్ సప్లైనీ చిప్‌నీ దాటి వేడెక్కిన గాలి వాటికి చేరుతుంది. మామూలు ఆప్టిక్స్ పైతొడుగు 70 డిగ్రీల దాకానే తట్టుకుంటుంది. 400జీ (సెకనుకి 400 గిగాబిట్ల) మాడ్యూళ్లు ఒక్కోటి సుమారు పది వాట్లు తింటాయి, అలాంటివి ముప్పై పక్కపక్కన ఉంటే ఈ తేడా బాగా కనబడుతుంది. కొన్ని మోడళ్ల డేటాషీట్లలో గాలి దిశని బట్టి గరిష్ఠ ఉష్ణోగ్రత కూడా మారుతుంది, ఆ పట్టిక చూడకుండా సంతకం పెట్టొద్దు. పని చేసేవాడికి కూడా చల్లటి వైపు నిలబడి కేబుళ్లు మార్చే హాయి ఉంది, హాట్ ఐల్‌లో పావుగంట నిలబడితే చొక్కా తడిసిపోతుంది.

మరి ఎందుకు తీసుకోలేదంటే, కేబుల్ పొడవు. 42యూ అంటే ఎత్తే సుమారు 1.87 మీటర్లు. అడుగున ఉన్న సర్వర్ నుంచి పైన స్విచ్‌కి, వంపులూ వదులూ కలుపుకుంటే రెండున్నర మీటర్లు పడుతుంది. స్విచ్ ముందు ఉంటే వెనక నుంచి ముందుకి ఇంకో మీటరు తోడవుతుంది. 25జీ కాపర్ డాక్ కేబుళ్లు (రెండు చివర్లా ప్లగ్ బిగించి వచ్చే రాగి కేబుళ్లు) ఎఫ్ఈసీ (డేటాలో తప్పులు సరిదిద్దే పద్ధతి) తలనొప్పి లేకుండా నమ్మకంగా నడిచేది మూడు మీటర్ల దాకా, ఐదు మీటర్లవి కావాలంటే రెండు వైపులా ఆర్ఎస్-ఎఫ్ఈసీ అనే గట్టి రకం సరిపోవాలి. పైగా కేబుళ్లన్నీ వెనక్కి వెళ్లడానికి ఒక యూ బ్రష్ ప్యానెల్‌కి పోతుంది, ఆ బ్రష్ సందుల్లోంచి గాలి కూడా కారుతుంది. మా సర్వర్ లింకులన్నీ డాక్‌లే, అవి దాదాపు వేడి పుట్టించవు. ఆప్టిక్స్ ఉండేది పై స్థాయి స్విచ్‌లకి వెళ్లే నాలుగు పోర్టుల్లోనే. అందుకని ఎగ్జాస్ట్ రకంలో ఉన్న ఆ ఒక్క లోపం మాకు పెద్దగా తగలలేదు. ఎటొచ్చీ 10జీ కాపర్ ఎస్ఎఫ్‌పీలు, అవే మామూలు ల్యాన్ కేబుల్ తగిలించే ఆర్జే45 మాడ్యూళ్లు, తప్పనిసరై పెడితే పక్కపక్కన గుచ్చకండి. ఒక్కోటి రెండున్నర వాట్ల దాకా తింటూ వేలు పెట్టలేనంతగా కాలుతాయి.

ర్యాక్‌ల స్విచ్‌లన్నిటినీ కలిపే స్పైన్ స్విచ్‌లకి మాత్రం నేనూ ఇన్‌టేకే తీసుకున్నాను. అవి సర్వర్లు లేని సొంత ర్యాక్‌లో ఉంటాయి, అన్నీ ఫైబరే, పొడవుతో పేచీ లేదు. ఆఫీసు ఫ్లోర్‌లో ప్యాచ్ ప్యానెల్ పక్కన ఉండే స్విచ్‌కి కూడా పోర్టులు ముందుంటేనే బాగుంటుంది.

పక్క నుంచి పక్కకి గాలి తోసేవి ఇంకా కొన్ని చోట్ల ఉన్నాయి, పాత క్యాటలిస్ట్ 6509 కుడి నుంచి ఎడమకి తోసేది. వరస ర్యాక్‌లలో ఒకదాని వేడి ఇంకోదానికి పోతుంది, కొత్తగా అయితే వద్దు. ఫ్యాన్ లేనివి సర్వర్ ర్యాక్ కోసం కావు.

ఒకే స్విచ్‌లో రెండు దిశల ఫ్యాన్లు కలపొద్దు. ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతుంది, గాలి కదలక స్విచ్ వేడెక్కి ఆగిపోవచ్చు. ఇలా కలిసేది ఎక్కువగా స్పేర్లతోనే. స్టోర్‌లో ఏదో ఒక ఫ్యాన్ దొరికింది కదా అని రాత్రిపూట ఎవరో తొడిగేస్తారు. మా దగ్గర ఇప్పుడు రెండు రంగులూ ఉన్నాయి కాబట్టి స్పేర్లు వేరువేరు అరల్లో పెట్టి, ర్యాక్ తలుపు మీద "ఇక్కడ నీలం మాత్రమే" అని పెద్ద అక్షరాలతో స్టిక్కర్ అంటించాం. పవర్ సప్లైలకి కూడా దిశ ఉంటుంది, ఆ స్టిక్కర్ వాటికీ వర్తిస్తుందని కింద ఇంకో లైను రాశాం.