జేపెగ్, పీఎన్‌జీ, వెబ్‌పీ: ఏది మేలు?

'బొమ్మ ఫైలు సైజు తగ్గాలి, క్లారిటీ పోకూడదు, ఏ ఫార్మాట్‌లో సేవ్ చేయాలి?' అని పదేపదే అడుగుతున్నారు. సైజు సంగతి తర్వాత చూద్దాం. ఆ బొమ్మను మళ్లీ తెరిచి దిద్దే పని ఉందా, లేదా? నా దృష్టిలో ముందు తేలాల్సింది అదే.

జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో కంటికి పెద్దగా ఆనని సన్నని తేడాలను పారేస్తుంది. ఆకాశం, చర్మం లాంటి చోట్ల రంగు మెల్లగా మారుతుంది కాబట్టి ఫొటోలో ఆ నష్టం తెలియదు. అదే తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలున్న స్క్రీన్‌షాట్‌ని జేపెగ్‌గా సేవ్ చేసి, 400 శాతానికి పెంచి చూడండి. అక్షరాల చుట్టూ బూడిద రంగు నలకలు కనిపిస్తాయి. చిన్న సైజు తెలుగు అక్షరాలైతే గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియకుండా పోతుంది.

ఫైలు తెరిచి చూసినా, కాపీ చేసినా ఏమీ కాదు. దిద్ది సేవ్ చేసినప్పుడే నష్టం. అంచు కాస్త కత్తిరించి సేవ్ చేస్తే గళ్లు కొత్త చోట పడతాయి, నష్టం మళ్లీ మొదలవుతుంది. సేవ్ చేసేటప్పుడు అడిగే క్వాలిటీ అంకె 100 పెట్టినా కొంత పోతుంది. పోయాక పీఎన్‌జీలోకి మార్చి లాభం లేదు. ఫైలు బరువెక్కుతుందే తప్ప పోయిన వివరం రాదు.

అందుకే స్క్రీన్‌షాట్లు, లోగోలు, ఇంకా దిద్దాల్సిన బొమ్మలు పీఎన్‌జీలోనే ఉంచండి. ఎన్నిసార్లు సేవ్ చేసినా ఒక్క పిక్సెల్ మారదు, పారదర్శకత కూడా నిలుస్తుంది. ఫొటోలను పీఎన్‌జీ చేస్తే మాత్రం సైజు ఊరికే పెరుగుతుంది. వాటికి, దిద్దడమంతా అయ్యాక, చివర్లో ఒక్కసారి 85 క్వాలిటీతో జేపెగ్ చాలు. ఒరిజినల్‌ని విడిగా దాచుకోండి.

2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీలో జేపెగ్‌లా కొంత పారేసేది, పీఎన్‌జీలా ఏమీ పోనివ్వనిది, రెండు పద్ధతులూ ఉన్నాయి. వెబ్‌సైటుకి అదే నా ఎంపిక. అయితే సేవ్ చేసేటప్పుడు 'లాస్‌లెస్' (ఏమీ పోనివ్వని పద్ధతి) టిక్ చూసుకోవాలి, లేకపోతే అక్షరాలకు జేపెగ్ గతే. ఒక్కో వైపు 16,383 పిక్సెళ్లు దాటకూడదు కూడా. హెచ్‌ఈఐసీ, ఏవీఐఎఫ్ అనే ఫార్మాట్లలో ఫైళ్లు ఇంకా చిన్నవే కానీ అన్ని చోట్లా తెరుచుకోవు. గిఫ్‌కి 256 రంగులే, కదిలే బొమ్మలకు వదిలేయండి.

ఇక సైజు. క్వాలిటీని 40కి దించే ముందు కొలతలు తగ్గించండి. 4000×3000 ఫొటోని 1600×1200 చేస్తే పిక్సెళ్లు ఆరో వంతుకి పడిపోతాయి, తెర మీద తేడా దాదాపు కనిపించదు.