విని వాయించడమా, చూసి వాయించడమా?

కోనసీమ పెళ్లిలో సన్నాయి వాయించేవారిని అప్పటికప్పుడు ఓ సినిమా పాట అడుగుతారు. స్వరాలు రాసిన కాగితం వెతుక్కునే టైమ్ ఎక్కడ? అక్కడ చెవే దిక్కు. గమకమూ (స్వరాన్ని ఊపి పలికించే తీరు) అంతే, గురువు దగ్గర విని పట్టాల్సిందే. ‘గ’ అని రాసుకున్నంత మాత్రాన గాంధారం ఎంత ఊగాలో తెలియదు. 1904లో తెలుగు లిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకూ గుర్తులున్నాయి. అయినా ఆ రాగం ఎప్పుడూ విననివారికి అవి పలకవు.

కాకినాడలో కీబోర్డు గ్రేడ్ పరీక్షలకు వెళ్లే పిల్లల సంగతి వేరు. వాళ్లకు ఐదు గీతల నొటేషన్, అంటే పాశ్చాత్య సంగీతాన్ని రాసే పద్ధతి, రావాల్సిందే. పదిమంది కలిసి వాయించేటప్పుడూ కాగితమే మేలు, ఎవరి భాగం వాళ్ల ముందుంటుంది. కర్ణాటక సంగీతానికైతే మాత్రం ముందు చెవి, తర్వాతే పుస్తకం అంటాను.