తుప్పును నల్లబరిచే ద్రావణం: కొన్ని వానాకాలాల వాడకం తర్వాత

తుప్పు పట్టిన బైకు భాగాలను విప్పి ఇంట్లోనే రంగు వేసుకునేవారికి రస్ట్ కన్వర్టర్ అంటే ఏమిటో చెప్పనవసరం లేదు. పూసిన కాసేపటికే ఎర్రని తుప్పు నల్లబడిపోవడం కళ్లారా చూసినవారికి దాని మీద గురి కుదరడం సహజం, నాకూ అలాగే కుదిరింది. సీసా మీద రాసినట్టే, రాలిపోయే తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, గ్రీజు మరకలు తుడిచి, రెండు పూతలు వేసి, బాగా ఆరాక ప్రైమర్, ఆపైన స్ప్రే రంగు కొట్టాను. చైన్ కవర్, వెనుక క్యారియర్, వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మూడింటికీ అదే పద్ధతి. తొలి వానాకాలం గడిచేవరకు తెలిసినవారందరికీ ఇదే వాడమని చెప్పాను. ఆ మాటకు ఇప్పుడు కొన్ని షరతులు చేర్చవలసి వస్తోంది.

స్వింగ్ ఆర్మ్ మీద, వెల్డింగ్ అతుకు వెంబడి, ఆవగింజంత పొక్కులు లేచాయి. ఒకదాన్ని గోటితో గిల్లితే రంగు, ప్రైమర్, వాటి అడుగున నల్లని పొర మూడూ కలిసి ఒకే పెచ్చుగా ఊడివచ్చాయి. కింద తడితడిగా నారింజ రంగు తుప్పు అలాగే ఉంది. ఈ ద్రావణంలోని టానిక్ ఆమ్లం తుప్పుతో కలిసి ఫెర్రిక్ టానేట్ అనే నల్లని పదార్థంగా మారుతుంది, అయితే అది ఇంకినంత మేరకే ఆ మార్పు జరుగుతుంది. అతుకు పక్కన గుంటలు పడి తుప్పు మందంగా పేరుకున్నచోట పైభాగం నల్లబడుతుంది తప్ప ఇనుమును అంటుకుని ఉన్న తుప్పు మారదు. రంగు గుండా కొద్దికొద్దిగా చేరే తేమ, అక్కడే చిక్కుకున్న లవణాలు కలిసి ఆ తుప్పును మళ్లీ పెంచుతాయి. తుప్పును పూర్తిగా తొలగించనక్కరలేదని సీసా మీద పెద్ద అక్షరాలతో రాసినవారు ఈ సంగతి కూడా అంతే పెద్ద అక్షరాలతో రాయవలసింది. నా కోపమంతా దాని మీదే.

ఆ అతుకును తెల్లని లోహం కనబడేవరకు ఎమరీ పేపర్‌తో రుద్దాను. గుంటల్లో మిగిలినదాని కోసం లీటరు నీటికి 50 నుంచి 100 గ్రాముల చొప్పున సిట్రిక్ ఆమ్లం కలిపి, అందులో తడిపిన గుడ్డను చుట్టి, అది ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ కవరు కట్టి ఉంచాను. తరువాత వంట సోడా నీళ్లతోనూ మంచినీళ్లతోనూ కడిగి వెంటనే వేడిగాలితో ఆరబెట్టాను, ఎందుకంటే కడిగిన పచ్చి ఇనుము గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. దాని మీద హార్డెనర్ కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్ వేసినప్పటినుంచి అక్కడ పొక్కు లేవలేదు. స్ప్రింగులను, అధిక బలపు బోల్టులను మాత్రం ఇలా ఆమ్లంలో ఉంచకూడదు, హైడ్రోజన్ చేరి అవి పెళుసెక్కి విరిగే ప్రమాదం ఉంది. స్వింగ్ ఆర్మ్ లాంటి గొట్టపు భాగాల అడుగున నీరు కారిపోవడానికి ఉండే రంధ్రాన్ని రంగుతో మూసేయకూడదు, మూస్తే తుప్పు లోపలినుంచి మొదలవుతుంది.

ఇంతా చెప్పాక ఒక సంగతి దాచకుండా ఒప్పుకోవాలి: పలుచని తుప్పు మాత్రమే ఉన్న చైన్ కవర్, క్యారియర్‌లకు అదే ద్రావణం, అదే రంగు వేసినా నేటికీ ఒక్క పెచ్చు లేవలేదు. క్యారియర్ కడ్డీలు కలిసే ఇరుకు మూలల్లో ఎమరీ పేపర్ దూరదు, అక్కడ దీనికి మించిన సాధనం నాకు దొరకలేదు. జింకు పొడి ఎక్కువగా ఉండే (జింక్ రిచ్) ప్రైమర్ వేయదలిస్తే మాత్రం దీని జోలికి పోకూడదు, ఆ ప్రైమర్ నేరుగా లోహాన్ని తాకితేనే పనిచేస్తుంది.

నా బైకు ఆరుబయటే ఉంటుంది, వానలోనూ నడుస్తుంది. నీడలో నిలిపి, పొడి రోజుల్లోనే నడిపేవారికి నేను చూసిన పొక్కులు ఎప్పటికీ కనబడకపోవచ్చు, వారు నిశ్చింతగా కొనవచ్చు. నేనైతే చిన్న సీసా మాత్రమే కొంటున్నాను, స్వింగ్ ఆర్మ్‌కూ స్టాండుకూ దాన్ని తగలనివ్వడం లేదు.