మూడేళ్లు వాడిన చవక లాప్‌టాప్, దాని ఎడమ హింజ్

38 వేలకు కొన్న 15.6 అంగుళాల మామూలు లాప్‌టాప్ ఇది. కంపెనీ పేరు అడగొద్దు. ఈ ధరలో దొరికేవాటిలో చాలావాటి అడుగు డొప్ప విప్పితే లోపలి అమరిక ఇట్లనే ఉంటుంది. ప్రాసెసర్, ర్యామ్ లెక్కలు అమ్మే పేజీలో ఎట్లాగూ రాస్తారు. రాయనిది హింజ్ గురించి. ఈ మిషన్ పెట్టిన తిప్పలన్నీ అక్కడివే.

మూతను, కింది భాగాన్ని కలిపేవి రెండు ఇనుప హింజ్‌లు. కింది వైపు ఒక్కో హింజ్‌ను మూడు చిన్న స్క్రూలు పట్టుకుంటాయి. ఆ స్క్రూలు ఇనుములోకి దిగితే గొడవే లేదు. ఇందులో అవి దిగేది మినపగింజంత ఇత్తడి నట్లలోకి. ఆ నట్లను వేడి చేసి ప్లాస్టిక్ బొడిపెల్లోకి దింపుతారు. మూత తీసినప్పుడల్లా హింజ్ బిగువంతా ఆ బొడిపెలే మోయాలి. కొన్నాళ్లకు హింజ్ కడ్డీ మీది గ్రీజు ఎండుతుంది, దుమ్ము చేరుతుంది, బిగువు పెరుగుతుంది. ప్లాస్టిక్ మాత్రం రోజురోజుకూ పెళుసవుతుంది. దీంట్లో వేడిగాలి బయటికొచ్చే జాలీ కూడా ఎడమ హింజ్ పక్కనే. మే నెల నల్లగొండ ఎండలో, కూలర్ లేని గదిలో ఆ మూల మీద వేలు పెట్టలేం. పైగా ఇంట్లో ఎవరు తీసినా మూతను ఎడమ మూల పట్టుకునే లేపుతారు. అట్లా తీస్తే రెండు హింజ్‌లు పంచుకోవాల్సిన గుంజుడు ఒక్కదాని మీదే పడుతుంది.

రెండో ఏడాది చివర్లో మూత తీస్తుంటే ఒకసారి టక్కుమంది. వారానికల్లా ఎడమ మూలలో సీ ప్యానెల్‌కు, డీ ప్యానెల్‌కు మధ్య ఏటీఎం కార్డు దూరేంత సందు. రిపేరు షాపుల్లో మూత వీపు 'ఏ' ప్యానెల్, తెర చుట్టూ ఉండే చట్రం 'బీ', కీబోర్డు ఉన్న డొప్ప 'సీ', అడుగు డొప్ప 'డీ'. ఈ నాలుగు పేర్లు తెలిసి ఉంటే షాపువాడు చెప్పే రేటు దేనికో అర్థమవుతుంది.

ఆ సందు కనబడిన రోజు నుంచే మూత మూయడం ఆపాలి. తెరిచే ఉంచి, మీద గుడ్డ కప్పినా సరే. చేత్తో నొక్కితే సందు మూసుకుంటుంది కదా అని వాడుతూ పోతే, లోపల ఊడిన హింజ్ తెర కేబుల్‌ను నలుపుతుంది. తెర మీద గీతలు మొదలైతే ఖర్చు మరో మెట్టు ఎక్కుతుంది.

ఏడాది వారంటీ అప్పటికే అయిపోయింది. ఉన్నా పెద్ద ఆశ పెట్టుకోవద్దు, హింజ్ ఊడితే 'ఫిజికల్ డ్యామేజ్' అని రాసి పంపేయడం మామూలే. ఊడిన బొడిపెలు సీ ప్యానెల్‌వే కాబట్టి, దాన్ని మార్చడానికి 6,500 అడిగారు. ఒక్క డొప్పకు అంతెందుకంటే, ఈ రకంలో కీబోర్డును ప్లాస్టిక్ రివిట్లు కరిగించి సీ ప్యానెల్‌కు అతికిస్తారు. డొప్ప కావాలంటే కీబోర్డుతో సహా కొనాల్సిందే.

మొదటి షాపులో ఫెవిక్విక్ లాంటి గమ్ము వేసి 300 తీసుకున్నారు. పదకొండు రోజులు ఆగింది. అది గట్టిపడితే గాజులెక్క పెళుసు, గుంజుడుకు నిలవదు. దాని ఆవిరికి చుట్టూ ప్లాస్టిక్ తెల్లగా పొడిబారింది కూడా.

నిలిచిన పద్ధతి వేరు. డీ ప్యానెల్ స్క్రూలు తీసి, పాత సిమ్ కార్డుతో చుట్టూ క్లిప్పులు వదిలించి, ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాలి. స్క్రూలు పొడవు పొట్టి కలిసి ఉంటాయి. కాగితం మీద మిషన్ బొమ్మ గీసి ఎక్కడివి అక్కడే గుచ్చి పెట్టాలి, పొడవుది పొట్టి దాని చోట దిగితే సీ ప్యానెల్ పైకి ఉబ్బుతుంది. ఊడిన ఇత్తడి నట్లు హింజ్ స్క్రూలకే వేలాడుతుంటాయి. ప్లాస్టిక్‌ను గరుకు కాగితంతో గీకి, స్పిరిట్‌తో తుడవాలి. రెండు ట్యూబుల ఆరల్డైట్ గమ్ము సమపాళ్లలో కలిపి బొడిపెల చుట్టూ నింపాలి. నెమ్మదిగా ఆరే రకమే తీసుకోవాలి, అయిదు నిమిషాల్లో గట్టిపడేది దీనికి పనికిరాదు. స్క్రూ మరకు ముందే గ్రీజు పూయకపోతే అది కూడా అతుక్కుని, మళ్లీ విప్పే దారి ఉండదు. తర్వాత 24 గంటలు కదపొద్దు.

ఇంత చేసినా సగం పనే అయినట్టు. హింజ్ కడ్డీ చివర ఒక నట్టు ఉంటుంది. దాన్ని పావు చుట్టు వదులు చేసి, మెషిన్ ఆయిల్ ఒక్క చుక్క వేయాలి. రెండు వైపులా ఒకే కొలత. ఈ పని చేయకుండా మూసేస్తే, బొడిపెలను పీకిన ఆ బిగువే వాటిని మళ్లీ పీకుతుంది. పావు చుట్టు దాటితే తెర వెనక్కి వాలిపోతుంది. మొత్తం 900 అయింది, ఇప్పటికి పది నెలలు.

కొన్న కొత్తలో దీని గురించి మేం చెప్పిన మంచి మాటల్లో కొన్ని వెనక్కి తీసుకోవాలి. "కాయితం లెక్క పల్చగుంది భయ్యా" అని అమ్మినాయన మురిసిపోతే మనమూ మురిశాం. ఆ పల్చదనమే బొడిపెలకు చోటు లేకుండా చేసింది. తెర బాగుందన్నది ట్యూబ్‌లైటు కింద నిజమే, కిటికీ పక్కన కూర్చుంటే మన మొహమే కనిపిస్తుంది. ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ వేగం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. ఖాళీ ర్యామ్ స్లాట్ ఉండటం నిజంగా కలిసొచ్చింది. 8 జీబీకి ఇంకో 8 వేశాక ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల పేజీ, జూమ్ క్లాసు, టైపింగ్ ఒకేసారి నడిచినా నీలగడం లేదు.

కొనేటప్పుడు షాపులో ఉన్న మోడల్ మీదే చూసుకోవచ్చు. మూతను ముందంచు నడుమ పట్టుకుని ఒక్క వేలితో లేపండి. అడుగు భాగం కూడా లేస్తే హింజ్ బిగువు ఎక్కువన్నట్టు. ఒక మూల పట్టి కొంచెం తీస్తే మూత మెలి తిరుగుతోందా? దాన్ని వదిలేయండి. తర్వాత ర్యామ్ సంగతి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే వచ్చే టాస్క్ మేనేజర్‌లో, పెర్ఫార్మెన్స్ కింద మెమరీ తెరవండి. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే ర్యామ్ బోర్డుకే అతికి ఉందని. పక్కన ఖాళీ స్లాట్ ఉందో లేదో మోడల్ నంబరుతో విడిగా అడగాలి.

ఇదే డబ్బుకు ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ మిషన్లూ దొరుకుతాయి. వాటిలో మంచివాటికి హింజ్ స్క్రూలు లోహపు చట్రంలోకి దిగుతాయి, బలం వేరు. కానీ బ్యాటరీ ముసలిది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ తరం కన్నా పాతది తీసుకోవద్దు, దానికి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్టు ఆపేసింది.

మళ్లీ ఇదే కొంటామా అంటే, టేబుల్ మీద ఒకేచోట పెట్టి వాడే ఇల్లయితే కొనొచ్చు. రోజూ సంచిలో వేసుకుని మహబూబ్‌నగర్ బస్సెక్కే డిగ్రీ పిల్లలకు మాత్రం కొనివ్వం. మా దాని మూత మీద ముందంచు నడుమ ఎర్ర టేపు ముక్క అతికించి ఉంది, అక్కడే పట్టుకుని తీయాలని. కుడి హింజ్ బొడిపెలు మాత్రం ఇంకా కంపెనీవే.