రెండుసార్లు కట్ అయిన విరాళం: ఒక సేవాసంస్థ డబ్బు వాపసు చేసిన తీరు

పిల్లల చదువుకు సాయం చేసే ఒక సేవాసంస్థకు ఆన్‌లైన్‌లో విరాళం పంపి, అందులో కొంత డబ్బును రెండు విడతలుగా వెనక్కి అడగవలసి వచ్చింది. ఆ రెండు విడతల్లోనూ వాళ్లు వ్యవహరించిన తీరు మీదే ఈ సమీక్ష. సంస్థ పేరు రాయడం లేదు. అందుకు కారణం భయం కాదు, వాళ్లు చేసే పని మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉండటమే.

కార్డు వివరాలు నింపి, ఓటీపీ కొట్టాక తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. కాసేపు చూసి, డబ్బు వెళ్లలేదనుకుని, పేజీని మళ్లీ తెరిచి మొదటినుంచి కట్టాను. ఆ తరువాత ఫోనులో రెండు మెసేజ్‌లు ఒకదాని కింద ఒకటి వచ్చి పడ్డాయి: ఒకే మొత్తం, ఒకే పేరు, నాలుగు నిమిషాల తేడా. మెయిల్‌కు రసీదులు కూడా రెండు వచ్చాయి, వరుస నంబర్లతో. తొందరపాటు నాదేనని ఒప్పుకుంటాను. అయితే ఒకే కార్డు మీద నాలుగు నిమిషాల్లో అదే మొత్తం రెండోసారి వస్తుంటే "ఇంతకుముందే ఒక చెల్లింపు అందింది, మళ్లీ కట్టాలా?" అని అడిగే ఏర్పాటు చేసుకోవడం పెద్ద పనేమీ కాదు.

రీఫండ్ నియమం కోసం వెతికితే, వెబ్‌సైట్ అడుగున చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం దొరికింది: "ఒకసారి ఇచ్చిన విరాళం ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు." విరాళం కొనుగోలు లాంటిది కాదన్న మాట నిజమే. వెనక్కి ఇవ్వడానికి వస్తువేమీ ఉండదు. ఇచ్చిన డబ్బు సంస్థదైపోతుంది. దానికి లెక్క చెప్పవలసిన నిర్వాహకులు అడిగిన ప్రతివారికీ తీసి ఇవ్వలేరు. కానీ ఇవ్వాలనుకుని ఇచ్చినది వేరు, పొరపాటున పోయినది వేరు. నిధుల సేకరణ రంగంలోని వృత్తిసంఘాలు కలిసి తయారుచేసిన దాతల హక్కుల పత్రంలో 10 అంశాలుంటే, దాత అడిగిన ప్రశ్నకు వెంటనే, నిజాయితీగా, దాపరికం లేకుండా జవాబు ఇవ్వాలన్నది వాటిలో ఒకటి. ఆ ధైర్యంతోనే మెయిల్ రాశాను.

మర్నాడే జవాబు వచ్చింది. రెండు రసీదుల నంబర్లు, తేదీ, కార్డులోని చివరి నాలుగు అంకెలు మాత్రమే అడిగారు. కార్డు పూర్తి నంబరుగానీ ఓటీపీగానీ ఎవరు అడిగినా, చివరికి తమ సంస్థ పేరుతో అడిగినా ఇవ్వవద్దని అదే మెయిల్‌లో రాశారు. "ఎట్టి పరిస్థితుల్లోనూ" అన్న వాక్యం ఊసే రాలేదు. రాసి పెట్టుకున్న నియమం కంటే అక్కడ పనిచేసే మనుషులు మంచివాళ్లని అప్పుడు అనిపించింది.

ఒక్క చోట మాత్రం చిన్న వాదన జరిగింది. ఆ కార్డును త్వరలో మార్చుకోబోతున్నాను కాబట్టి డబ్బును నేరుగా నా బ్యాంకు ఖాతాకు పంపమని అడిగాను. లెక్కలు చూసే ఆవిడ ఫోన్ చేసి, "వాపసు ఇవ్వడానికి మాకేమీ అభ్యంతరం లేదండీ, కానీ వచ్చిన కార్డుకే పంపాలి, వేరే ఖాతాకు పంపలేం" అన్నారు. మొదట చిరాకు వేసింది. కారణం విన్నాక పోయింది. దొంగిలించిన కార్డుతో పెద్ద మొత్తం విరాళంగా కట్టి, "పొరపాటున ఎక్కువ వేశాను, మిగతాది ఈ ఖాతాకు పంపండి" అని అడగడం మోసగాళ్లకు బాగా తెలిసిన దారి. సంస్థ జాలిపడి పంపితే ఆ డబ్బు దొంగకు చేరుతుంది. తరువాత అసలు కార్డుదారు బ్యాంకుకు ఫిర్యాదు చేసినప్పుడు మొత్తమంతా సంస్థ ఖాతా నుంచి మళ్లీ పోతుంది. కొట్టేసిన కార్డు నంబర్లు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి చిన్న చిన్న విరాళాలు వేసి చూసేవాళ్లూ ఉన్నారట. కార్డు మారినా వెనుక ఉన్న ఖాతా అదే అయితే డబ్బు సాధారణంగా అందులోకే వస్తుందని కూడా ఆవిడ ఓపికగా చెప్పారు.

డబ్బు చేరడానికి ఎనిమిది పనిదినాలు పట్టింది. ఇందులో సంస్థ జాప్యం లేదు. కార్డు రీఫండ్‌కు 5 నుంచి 10 పనిదినాలు పట్టడం మామూలే. రీఫండ్ పంపిన రోజే, బ్యాంకులో చూపించుకోమని 23 అంకెల ఏఆర్ఎన్ నంబరును అడగకుండానే ఇచ్చారు. డబ్బు ఎక్కడ ఆగిందో బ్యాంకు వెతికి చెప్పడానికి ఆ నంబరే ఆధారం. దాని పేరు కూడా తెలియక, బ్యాంకుకూ సంస్థకూ మధ్య తిరిగేవాళ్లు ఎందరో ఉంటారు. ఇక్కడ నా ఆలస్యం గురించీ చెప్పాలి. పొరపాటు జరిగిన పూటే, ఆ రోజు లావాదేవీలు ఇంకా సెటిల్ కాకముందే, అంటే బ్యాంకుల మధ్య లెక్క తేలకముందే, చెప్పి ఉంటే, రీఫండ్ దాకా వెళ్లకుండా చెల్లింపునే రద్దు చేసే వీలుండేది. నేను మర్నాడు సాయంత్రం రాశాను. అప్పటికి గేట్‌వే, అంటే కార్డు చెల్లింపును సంస్థకు చేర్చే మధ్యవర్తి కంపెనీ, తన కమిషన్ తీసేసుకుంది. రీఫండ్ చేసినా ఆ కమిషన్‌ను చాలా గేట్‌వేలు వెనక్కి ఇవ్వవు. ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేపాల్ అయితే, దాన్ని వెనక్కి ఇవ్వకుండా ఉండేలా 2019లో తన నిబంధనే మార్చుకుంది. నాకు మాత్రం పైసా కోత లేకుండా మొత్తం వచ్చింది. ఆ తేడాను సంస్థే భరించింది.

రసీదు విషయంలోనూ శ్రద్ధ చూపించారు. రెండో రసీదు రద్దయిందని, పన్ను మినహాయింపుకు దాన్ని వాడకూడదని నంబరుతో సహా లేఖ పంపారు. డబ్బు వాపసు వచ్చి రసీదు చేతిలో మిగిలిపోతే రేపు చిక్కుల్లో పడేది దాతే.

ఇక్కడితో ఆగి ఉంటే ఐదుకు ఐదు ఇచ్చేవాణ్ణి. సరిగ్గా నెల తిరిగేసరికి అదే మొత్తం మూడోసారి కట్ అయింది. విరాళం పేజీలో "ప్రతి నెలా ఇస్తాను" అన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉందని, నేను చూసుకోలేదని అప్పుడు తెలిసింది. మొదటి ఫిర్యాదు అందినప్పుడే, రెండూ నెలవారీ విరాళాలుగా నమోదయ్యాయని వాళ్ల తెర మీద కనిపించి ఉండాలి. రెండోదాన్ని ఆపారు, మొదటిదాన్ని కదిలించలేదు. కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టు అయింది. మళ్లీ రాస్తే ఈసారి ఐదు రోజులు జవాబు లేదు. వచ్చిన జవాబులో విషయం కమిటీ ముందుకు వెళ్లాలన్నారు. మొదటిసారి ఒక్క రోజులో తేలిన పనికి రెండోసారి కమిటీ ఎందుకో ఎవరూ చెప్పలేదు. నెలవారీ నమోదు ఎవరు రద్దు చేయాలి, నేనా వాళ్లా, అని రెండుసార్లు అడిగాకగానీ స్పష్టత రాలేదు.

ఆ ఐదు రోజుల్లో బ్యాంకుకు ఫిర్యాదు చేసి చార్జ్‌బ్యాక్ పెడదామా, అంటే డబ్బును బ్యాంకు ద్వారానే సంస్థ నుంచి వెనక్కి రప్పించుకుందామా అని ఆలోచించాను. చాలా రకాల వివాదాలకు కార్డు సంస్థలు సాధారణంగా 120 రోజుల గడువు ఇస్తాయి కాబట్టి తొందరేమీ లేదు. పైగా అలా పెడితే డబ్బుతో పాటు అదనపు రుసుము కూడా సంస్థ నెత్తిన పడుతుంది. వాదనలో వాళ్లు గెలిచినా ఆ రుసుము చాలాసార్లు తిరిగి రాదు. పిల్లల పుస్తకాలకు వెళ్లవలసిన డబ్బు అలా పోవడం ఇష్టం లేక ఆగాను. పన్నెండో రోజున రీఫండ్ పంపామని మెయిల్ వచ్చింది, ఏఆర్ఎన్ నంబరు లేకుండా. అడిగితే ఇచ్చారు.

వాపసు చేసిన పద్ధతికి, ఫోన్‌లో మాట్లాడిన ఆవిడ మర్యాదకు ఐదుకు నాలుగు. వాపసు అడగవలసిన పరిస్థితి తెచ్చిపెట్టిన పేజీకి ఒకటి. ఇది రాసే ముందు ఆ పేజీని మళ్లీ తెరిచి చూశాను. అడుగున ఆ "ఎట్టి పరిస్థితుల్లోనూ" వాక్యం తీసేసి, పొరపాటు చెల్లింపుల గురించి ఎవరికి రాయాలో మెయిల్ చిరునామాతో సహా పెట్టారు. పైన, నెలవారీ గడిలో టిక్కు మాత్రం అలాగే ఉంది.