గ్లాసులు వణికాయి, నేను వణకలేదు: ‘ది హాంటింగ్’ (1999)

ఈ దెయ్యాల సినిమా డీవీడీ మా ఇంట్లో ఇరవయ్యేళ్ళుగా ఉంది. ప్లేయర్లో పాతికసార్ల పైనే పెట్టి ఉంటాను. మొదటినుంచి చివరిదాకా చూసింది మాత్రం మూడేసార్లు. మిగతావన్నీ స్పీకర్ల పరీక్షలే.

హోమ్ థియేటర్ కొన్న కొత్తలో అది అమ్మినాయనే చెప్పాడు, "డీటీఎస్ సరౌండ్ సౌండు దమ్ము తెలియాలంటే ఈ డిస్కు పెట్టండి సార్" అని. నిజమే. గోడలు దడదడలాడే సీనుకి షోకేసులో గ్లాసులు వణికాయి. చప్పుడు ముందు స్పీకర్లలో మొదలై, గోడ పట్టుకుని నడిచినట్టు మన వెనక్కి వచ్చేస్తుంది. కింది ఫ్లాటాయన పైకొచ్చి "ఏమైనా పడిందా అండీ?" అని అడిగి వెళ్ళాడు. ఆ రాత్రి భయపడింది ఆయనొక్కడే.

దీనికి మూలం 1963లో రాబర్ట్ వైజ్ తీసిన ‘ది హాంటింగ్’. రెండిటికీ ఆధారం షర్లీ జాక్సన్ 1959లో రాసిన నవల. దెయ్యాలున్నాయనే పాత భవంతిలో, ఒక డాక్టరు పరిశోధన కోసం పిలిచిన కొందరు బస చేసే కథ. పాతది నేను తర్వాత ఎప్పుడో చూశాను. నలుపు తెలుపు బొమ్మ, మోనో సౌండు, ఒక్క దెయ్యమూ తెరమీదకి రాదు. చూశాక మాత్రం రాత్రి మంచినీళ్ళకి లేచి వంటింటి దాకా అన్ని లైట్లూ వేసుకుంటూ వెళ్ళాను. వయసు చెప్పను.

గోడ చప్పుడు అందులోనూ ఉంది. కథానాయిక ఎలినార్ నిద్రమత్తులో ఆ దడదడ విని, అమ్మ పిలుస్తోందనుకుని బదులిస్తుంది. పదకొండేళ్ళు మంచంపట్టిన తల్లికి సేవ చేసిన మనిషి. తల్లి పోయిన రాత్రి కూడా గోడ కొట్టింది, ఈమె వెళ్ళలేదు. ఇప్పుడు ఆ గోడ కొడుతున్నది ఇల్లా, ఈమె మనసులో ముల్లా? వైజ్ చెప్పడు. కెమెరా గదిలో ఉన్న ఇద్దరాడవాళ్ళ ముఖాల మీద, తలుపు మీద ఉంటుంది, అంతే. తలుపు పిడి కొంచెం తిరుగుతుంది. ఆ కాస్తకే నా ప్రాణాలు పైకి పోయాయి.

వైజ్ ‘సిటిజన్ కేన్’కి ఎడిటింగ్ చేసినవాడు. 1940ల్లో నిర్మాత వాల్ లూటన్ దగ్గర, డబ్బుల్లేక దెయ్యాన్ని చీకట్లో దాచి భయపెట్టే చిన్న సినిమాల్లో చేయి తిరిగినవాడు. ఇందులో తలుపు ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతుంది చూడండి, అది పొరలుగా అతికించిన చెక్క. అవతల ఒకాయన నిలబడి తోశాడు. ఖర్చు ఎంతయి ఉంటుంది?

1999 దానికి దాదాపు 8 కోట్ల డాలర్లు పోశారు. దర్శకుడు యాన్ డి బాంట్, ‘స్పీడ్’, ‘ట్విస్టర్’ తీసినవాడు. బస్సునీ సుడిగాలినీ పరిగెత్తించినట్టే ఇంటినీ పరిగెత్తించాడు. కర్టెన్లలో పిల్లల ముఖాలు తేలతాయి, చెక్క మీద చెక్కిన బొమ్మలు తలలు తిప్పుతాయి, మంచం మనిషిని పట్టేస్తుంది. చివరికి ఆ ఇల్లు కట్టించిన హ్యూ క్రెయిన్ దెయ్యమై కొండంత ఆకారంతో దిగుతాడు. అప్పటి గ్రాఫిక్స్ కాబట్టి ఇప్పుడు పాత వీడియో గేములా ఉందని కొందరంటారు. నేను ఒప్పుకోను. నిన్న చేసిన గ్రాఫిక్స్ అయినా ఇంతే. దెయ్యాన్ని నిండా చూపించాక ఇక ఊహించుకోవడానికి నాకేం మిగిలింది?

కథ కూడా అలాగే అయింది. ఇక్కడ డాక్టరు (లియామ్ నీసన్) నిద్రలేమి మీద పరిశోధన అని అబద్ధం చెప్పి, నిజానికి భయం మీద పరిశోధన చేస్తుంటాడు. మంచి ఎత్తుగడే. కానీ దెయ్యం నిజమని తేలాక ఆ పరిశోధనని ఎవరూ తలవరు. నెల్ (ఇందులో ఎలినార్‌ని అలా పిలుస్తారు) తల్లి గోడ కొట్టడంతోనే సినిమా మొదలవుతుంది, అదీ కాసేపటికి పక్కకి పోతుంది. దాని బదులు మిల్లుల్లో పనిచేసిన పిల్లలు, వంశవృక్షం, పాత లెక్కల పుస్తకం. దెయ్యం ఎందుకొచ్చిందో ఇంత వివరంగా చెబితే అది కేసు ఫైలు అవుతుంది. ఇక ఓవెన్ విల్సన్ పాత్ర చావు దగ్గర మా ఇంట్లో మూడుసార్లూ నవ్వులే.

నెల్‌గా వేసిన లిలీ టేలర్‌ని మాత్రం తప్పు పట్టలేను. ఎవరూ నమ్మని సినిమాని ఆవిడొక్కతే నమ్మి నటించింది. యుజీనియో జనెట్టీ వేసిన సెట్లూ అద్భుతం. హోవర్డ్ హ్యూస్ మహా విమానం ‘స్ప్రూస్ గూస్’ని ఒకప్పుడు ఉంచిన లాంగ్ బీచ్ గుమ్మటంలో వేశారు వాటిని. బయటినుంచి కనిపించేది ఇంగ్లండులోని హార్లాక్స్టన్ మేనర్. అయితే దెయ్యం కాపురానికి రాకముందే ఆ ఇల్లు దెయ్యంలా ఉంది. అలాంటి ఇంట్లోకి పెట్టె పట్టుకుని నవ్వుతూ వెళ్ళేవాళ్ళని చూసి జాలిపడాలా?

డబ్బులు బాగానే వచ్చాయి, ప్రపంచమంతా కలిపి 17 కోట్ల డాలర్ల పైన. చెత్త సినిమాలకిచ్చే ‘రాజీ’ (Razzie) అవార్డులకి ఐదు నామినేషన్లూ వచ్చాయి. అదే జూలైలో, ఏమీ చూపించకుండా చేతి కెమెరాతో తీసిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ విడుదలై జనాన్ని హడలగొట్టింది. పాపం, టైమింగ్ కూడా కలిసిరాలేదు.

పోయిన నెల మా బావ కొత్త స్పీకర్లు కొని, డిస్కు పట్టుకెళ్ళాడు. మర్నాడు ఫోన్ చేసి "బేస్ అదిరిందిరా" అన్నాడు. సినిమా ఎలా ఉందని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.