పాలమూరులో సర్కారు డిగ్రీ కళాశాల: మూడేళ్లు చదివి చెబుతున్న మాట

2022లో ఇంటర్ బైపీసీ పూర్తిచేసి, పాలమూరు విశ్వవిద్యాలయ పరిధిలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీఎస్సీ బీజెడ్‌సీలో (వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం) చేరాను. కల్వకుర్తి వైపు ఉన్న మా ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్లి వస్తూ 2025లో డిగ్రీ ముగించాను. డిగ్రీ ప్రవేశాలకు వెబ్ ఆప్షన్లు పెట్టుకోబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. మంచితోపాటు కొన్ని లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున కళాశాల పేరు రాయడం లేదు.

నేను చేరేటప్పుడు మా ఊళ్లో అందరూ అన్న మాట ఒకటే: సర్కారు కాలేజీలో చదువు చెప్పరని. మూడేళ్ల తర్వాత నేను చెప్పగలిగింది ఏమిటంటే, చెప్పేవాళ్లు ఉన్నారు, వినడానికి వచ్చేవాళ్లే తక్కువ. శాశ్వత అధ్యాపకులు పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా ఎంపికై వచ్చినవాళ్లు. పీజీతోపాటు అధ్యాపక అర్హత పరీక్షలైన నెట్, సెట్ లేదా పీహెచ్‌డీ ఉన్నవాళ్లు. మా వృక్షశాస్త్రం మేడం దగ్గర నేను నేర్చుకున్నది మరెక్కడా నేర్చుకునేదాన్ని కాదని గట్టిగా నమ్ముతున్నాను.

రెండో ఏడాదిలో కణ విభజన ప్రయోగం ఉండేది. నీళ్లు నింపిన గాజు గ్లాసు మూతి మీద ఉల్లిగడ్డను కూర్చోబెట్టి ఇంట్లోనే వేళ్లు మొలిపించమన్నారు. పొద్దున లేవగానే ఆ వేళ్ల కొనలను కోసి, ముందురోజు తాను ఇచ్చిన చిన్న సీసాలోని ద్రావణంలో వేసి తెమ్మన్నారు. రిజిస్టరులో 30 పేర్లున్న ఆ తరగతికి ఆ రోజు వచ్చింది ఏడుగురం. మామూలుగా ఒక సూక్ష్మదర్శిని చుట్టూ నలుగురు మూగే చోట, ఆ పూట ఒక్కొక్కరికి ఒక్కొక్కటి దొరికింది. అసిటోకార్మిన్ రంగు పట్టిన వేరుకొనను స్లైడు మీద పెట్టి, పైన కవర్‌స్లిప్ వేసి, అది పక్కకు జరగకుండా బొటనవేలితో ఎలా అదమాలో మేడం నా చేయి పట్టుకొని చూపించారు. మొదటి రెండు స్లైడులు పాడయ్యాయి. మూడోదానిలో, ఒక కణం నడుమ ముదురు ఎరుపు దారపు ముక్కల్లా క్రోమోజోములు వరుస కట్టి కనిపించాయి. ఉల్లిలో 16 ఉంటాయని చదువుకున్నాను కాబట్టి లెక్కపెట్టబోయి 11 వరకే పోల్చుకోగలిగాను. సమయం దాటినా మేడం కదలలేదు. రానివాళ్లు మరుసటి వారం మా రికార్డులు చూసి బొమ్మలు దించుకున్నారు. అందరికీ మార్కులు వచ్చాయి గానీ, ఆ కణాన్ని కళ్లతో చూసింది మాత్రం మేం ఏడుగురమే.

అన్ని సబ్జెక్టులూ ఇలాగే సాగాయని చెప్పలేను. మూడో సెమిస్టర్‌లో రసాయనశాస్త్రం పోస్టు ఖాళీ అయింది. అతిథి అధ్యాపకుడి నియామకానికి అనుమతి వచ్చేసరికి దాదాపు రెండు నెలలు గడిచాయి. వచ్చిన సార్ ఎంతో శ్రద్ధగా చెప్పారు గానీ, నాలుగు యూనిట్లను మిగిలిన కొద్ది వారాల్లో పరుగులు పెట్టించక తప్పలేదు. ఆ పేపర్లో నాకు అత్తెసరు మార్కులు వచ్చాయి. పోస్టు ఖాళీ కావడం ఎవరి తప్పూ కాకపోవచ్చు, కానీ దాని భారం మోసింది ఫీజు కట్టి ట్యూషన్‌కు వెళ్లలేని పిల్లలే, అందుకే అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. కాబట్టి మీరు తీసుకోబోయే మూడు సబ్జెక్టుల్లో ఎందరు శాశ్వత అధ్యాపకులున్నారో, ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో చేరకముందే అడగండి. అడిగితే చెబుతారు.

తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి ఇంగ్లీషు మాధ్యమం డిగ్రీలోకి వచ్చేవారికి మొదటి సెమిస్టర్ చాలా కష్టంగా ఉంటుంది, నాకూ అలాగే అయింది. తెలుగు అకాడమీ పుస్తకం ఒకవైపు, ఇంగ్లీషు పుస్తకం మరోవైపు తెరిచి పెట్టుకొని, ఒకే పాఠాన్ని రెండుసార్లు చదివాను. రెండో ఏడాదికి ఆ అవసరం తీరిపోయింది. మా గ్రంథాలయంలో ఎన్‌-లిస్ట్ అనే ఆన్‌లైన్ సదుపాయం ఉందనీ, అడిగితే యూజర్ ఐడీ ఇస్తారనీ, దానితో ఇంటి దగ్గరే పుస్తకాలు, పత్రికలు చదువుకోవచ్చనీ నాకు మూడో ఏడాదిలో గానీ తెలియలేదు. మీరు మొదటి నెలలోనే అడగండి.

ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారానే జరుగుతున్నాయి. ఆధార్‌కు మీ మొబైల్ నంబరు అనుసంధానమై ఉండాలి, లేకపోతే రిజిస్ట్రేషన్ దగ్గరే ఇబ్బంది పడతారు. సీటు వచ్చిందని సంబరపడి, గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ (ఆ సీటు తీసుకుంటున్నామని ఆన్‌లైన్‌లో తెలపడం) చేయక దాన్ని పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను.

స్కాలర్‌షిప్ విషయంలో కాస్త ఓపిక పట్టక తప్పదు. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైటు ఈపాస్‌లో మొదటి ఏడాది కొత్తగా, ఆ తర్వాత ప్రతి ఏడాదీ రెన్యువల్‌గా దరఖాస్తు చేయాలి. మీసేవలో తీసుకున్న కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా సిద్ధంగా ఉంచుకోండి. హాజరు 75 శాతం ఉండాలి. డబ్బు మాత్రం ఆలస్యంగానే వస్తుంది. ఆ డబ్బుతో పుస్తకాలు కొందామని, బస్సు ఖర్చులు వెళ్లదీద్దామని లెక్క వేసుకోవద్దు. ప్రభుత్వ కళాశాలలో ఫీజు స్వల్పమే కాబట్టి ఆలస్యమైనా చదువు ఆగదు, కానీ విద్యార్థుల ఫీజులతోనే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల లెక్క వేరు. వాటి ఫీజు ఎంతో విడిగా కనుక్కోండి.

రాకపోకల సంగతి ఆడపిల్లల తల్లిదండ్రులు ముందుగా అడుగుతారు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక మా ఇంట్లో బస్సు పాస్ ఖర్చు తప్పింది. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. మా ఊరి నుంచి చదువు మానేద్దామనుకున్న ఇద్దరు అమ్మాయిలు దానివల్లనే కొనసాగారు. అయితే పొద్దున బస్సుల్లో నిలబడడానికి కూడా చోటుండదు, కొన్నిసార్లు మా స్టాపులో ఆపకుండానే వెళ్లిపోయేవి. అందువల్ల మొదటి పీరియడ్ పోయిన రోజులు చాలా ఉన్నాయి. ప్రయోగ తరగతులు మధ్యాహ్నం ఉంటాయి గనుక, తిరుగు బస్సు వేళలు చూసుకోకుండా కళాశాలను ఎంచుకోవద్దు. మధ్యాహ్నానికి సద్ది కట్టుకొనే వెళ్లాలి.

అమ్మాయిల మరుగుదొడ్లలో వేసవిలో నీళ్లుండేవి కావు. రెండేళ్లు అడిగి, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్లందరం కలిసి ప్రిన్సిపాల్ గారికి వినతిపత్రం ఇచ్చాక, కొత్త ట్యాంకు పెట్టించారు. ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నీళ్లు లేవని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగకుండా కూర్చున్న రోజులు మాకు తెలుసు.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక పని దినాన, మధ్యాహ్నం రెండు గంటల వేళ, మీరు అనుకుంటున్న కళాశాలకు స్వయంగా వెళ్లండి. ప్రయోగశాల తాళం తీసి ఉందో లేదో, బల్లల మీద సూక్ష్మదర్శినులు వాడకంలో ఉన్నాయో, బీరువాలో దుమ్ము పట్టి ఉన్నాయో చూడండి. ఆడపిల్లలైతే మరుగుదొడ్డిలో కుళాయి తిప్పి చూడండి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులోనే రండి.